పెద్దపేగు పరీక్ష: 2016లో వదిలేసిన జాగా

పెద్దపేగు క్యాన్సర్‌ను ముందే పట్టే పరీక్ష ఏది అన్న వాదన ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి, బరంపురం తెలుగు ఇళ్లలో మళ్లీ రాజుకుంది. నలభై అయిదు దాటితే నేరుగా కొలనోస్కోపీయే (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పేగును చూడటం) అని ఒక పక్షం, ముందు మలపరీక్ష చాలని ఇంకో పక్షం. ఒడిశా సరిహద్దు గీత ఎప్పుడు పడిందో, వైద్యానికి మనవాళ్లు విశాఖ రైలు ఎందుకెక్కుతారో ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది 2016 సంగతి.

ఆ ఏడాది కేంద్ర ఆరోగ్యశాఖ క్యాన్సర్ ముందస్తు పరీక్షల విధానం తెచ్చింది. 30 నుంచి 65 ఏళ్లవాళ్లను అయిదేళ్లకోసారి చూడాలంది. చూసేవి మూడే: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పెద్దపేగు లేదు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు తక్కువే, కాబట్టి దాన్ని తప్పనలేం. కానీ ఆశా దీదీ గడప దాకా వచ్చినా ఆ పరీక్షల్లో పేగు ఊసు లేకపోయింది. మలంలో నెత్తురు పడితే మూలశంకే అనుకుని మందు వేసుకునే అలవాటు అలాగే సాగింది. ఖాళీగా ఉన్న జాగాలోకి ప్రైవేటు ప్యాకేజీలు వచ్చి కూర్చున్నాయి. నేటి తగవంతా అక్కడ పుట్టిందే.

అప్పటికి ఆధారాలు లేక కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో 46,551 మందిపై చేసిన అధ్యయనం 1993లోనే వెలువడింది. కంటికి కనపడని నెత్తురు కోసం ఏటా మలపరీక్ష చేసినవాళ్లలో 13 ఏళ్లకు ఈ క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయి. అది పాత గ్వాయక్ పరీక్ష, తిన్న మాంసంలోని నెత్తురుకీ పలుకుతుంది. ఇప్పుడు వాడే ‘ఫిట్’ (ఎఫ్ఐటీ) అనే మలపరీక్ష మనిషి నెత్తురులోని హిమోగ్లోబిన్‌నే పడుతుంది. కొంకిపురుగు వల్ల చిన్నపేగులో కారే నెత్తురు కిందికి దిగేలోపు చాలావరకు అరిగిపోతుంది కనుక, ఫిట్ ప్రధానంగా పెద్దపేగునే చూపిస్తుంది. నులిపురుగులు, రక్తహీనత మామూలైన కొండ ఊళ్లకు ఇది చిన్న తేడా కాదు. పథ్యం లేదు, నమూనా ఇంట్లోనే తీసుకోవచ్చు. ఏటా చేయించాలి, అంతే.

కొలనోస్కోపీ పక్షానికీ బలముంది. పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ, కొన్ని క్యాన్సర్‌గా మారతాయి) కనిపిస్తే అప్పుడే తీసేస్తారు, పేగు శుభ్రంగా ఉంటే పదేళ్లు మళ్లీ అక్కర్లేదు. అమెరికా 2021లో మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కి దించిందని వాళ్లు గుర్తుచేస్తారు. ఆ సిఫార్సులో మలపరీక్ష కూడా ఉందన్నది మాత్రం వాళ్ల నోట అంతగా రాదు.

స్పెయిన్‌లో పదేళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. రెండేళ్లకోసారి ఫిట్‌కు పిలిచినా, ఒక్కసారి కొలనోస్కోపీకి పిలిచినా మరణాలు దాదాపు సమానం. ఫిట్‌కు 39.9 శాతం మంది వచ్చారు, కొలనోస్కోపీకి 31.8 శాతమే. అక్కడే అలా ఉంటే గుణుపూర్ మనిషి సంగతి చూడండి. ముందురాత్రంతా విరేచనాల మందు తాగి, తెల్లారి బండెక్కడం కుదిరే పని కాదు. విశాఖలో లాడ్జి తీసుకోవాలి, తోడు మనిషి కావాలి, రెండు రోజుల కూలి పోతుంది.

మలపరీక్ష పక్షం దాటేసే ముక్కా ఒకటుంది. ఫిట్‌లో నెత్తురు తేలితే కొలనోస్కోపీ తప్పదు. అది చేసే వీలు కోరాపుట్, బరంపురం ప్రభుత్వ వైద్య కళాశాలల్లోనే వారాల్లోగా దొరకాలి, లేకపోతే పంచిన కిట్లు దండగ. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చినవాళ్లు, మలంలో నెత్తురు కంటికే కనిపిస్తున్నవాళ్లు ఈ తగవులోకే రారు. వాళ్లకు ఫిట్ కాదు, డాక్టరును కలిసి కొలనోస్కోపీ సంగతి తేల్చుకోవడమే.