97 గొట్టాల లెక్క

మూకీల రోజుల్లో మన దగ్గర తెర పక్కన హార్మోనియం, తబలా ఉండేవి. అమెరికాలోని పెద్ద హాళ్లలో పైప్ ఆర్గన్, అంటే మెట్లు నొక్కితే గాలితో గొట్టాలు మోగే పెద్ద వాద్యం, ఉండేది. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని పారమౌంట్ థియేటర్‌కి 1926లో వర్లిట్జర్ కంపెనీ బిగించిన ఆర్గన్‌లో నాలుగు వరుసల మెట్లు, 36 రకాల గొట్టాలు. జెస్సీ క్రాఫర్డ్ వాయించేవాడు. ఆ ఒక్క మనిషి చేతిలో మొత్తం ఆర్కెస్ట్రా ఎలా ఇమిడిందన్నది తేలాలంటే రాబర్ట్ హోప్-జోన్స్ లెక్క చూడాలి. ఆయన ఇంగ్లండ్‌లో టెలిఫోన్ ఇంజినీరు. అమెరికా వెళ్లి, 1910లో వర్లిట్జర్‌లో చేరాడు.

మెట్టుకీ గొట్టానికీ మధ్య కర్రలూ కమ్మీలూ ఉన్నంతకాలం ఏ మెట్టు గొట్టం దానిదే. మధ్యలో కరెంటు తీగ వచ్చాక, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లాగే, ఏ మెట్టునైనా ఏ గొట్టానికైనా కలపొచ్చు.

ఒక వరుసలో 61 మెట్లు. స్టాపు అంటే ఒక జట్టు గొట్టాల్ని మెట్లకి కలిపే మీట; దాని మీది అడుగులు ఆ జట్టులో అన్నిటికన్నా పొడవైన గొట్టం కొలత. ఫ్లూట్ నాదాన్ని 16, 8, 4, 2 అడుగుల స్టాపుల్లో, అంటే ఒక్కో స్థాయి పెరుగుతూ నాలుగు స్థాయిల్లో పలికించాలనుకుందాం. పాత చర్చి పద్ధతిలో 4 × 61 = 244 గొట్టాలు కావాలి. హోప్-జోన్స్ పద్ధతిలో 61కి స్థాయికి 12 చొప్పున మూడు స్థాయిలు కలిపితే చాలు: 61 + 36 = 97. 8 అడుగుల స్టాపు వేసి మధ్య స నొక్కితే ఏ గొట్టం మోగుతుందో, 16 అడుగుల స్టాపు వేసి పై స నొక్కినా అదే మోగుతుంది. 2⅔ అడుగుల పంచమం కూడా ఈ 97లోంచే వస్తుంది. కాకపోతే ఇవి సమాన విభజన శ్రుతిలో, అంటే స్థాయిని 12 సమాన భాగాలు చేసిన శ్రుతిలో, ఉంటాయి కాబట్టి ఆ పంచమం శుద్ధమైన దానికంటే 2 సెంట్లు తక్కువ (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరోవంతు ఒక సెంటు). చాలామంది చెవికి అందదు.

ఇంత పొదుపు ఊరికే రాదు. కప్లర్ ఉన్న హార్మోనియం వాయించినవాళ్లకి దీని లోటు వేళ్లకే తెలుసు. కప్లర్ వేసి కింది స నొక్కితే పై స మెట్టు తనంతట తానే దిగుతుంది. ఇప్పుడు ఆ పై స వేలితో నొక్కినా కొత్తగా ఏమీ వినపడదు, ఆ రీడు అప్పటికే మోగుతోంది. ఆర్గన్‌లో నాలుగు స్టాపులూ వేసి కింది స, పై స రెండూ ఒకేసారి నొక్కితే అడిగినవి ఎనిమిది నాదాలు, పలికేవి ఐదు గొట్టాలు. మూడు చోట్ల రెండు మెట్లూ ఒకే గొట్టాన్ని పట్టుకుంటాయి. ఇంకా చికాకైన సంగతి: కింది స పట్టి ఉంచి పై స ని టకటకా కొడితే అన్నిటికన్నా పైనున్న సన్నని నాదం ఒక్కటే ఆగి ఆగి మోగుతుంది, మిగతావి కదలకుండా నిలబడతాయి. అందుకే తెలిసినవాళ్లు అన్ని స్థాయిలూ ఒకే రకం గొట్టాల్లోంచి తీయరు. 8 అడుగులకి టిబియా (ఫ్లూట్‌లాంటి నాదమిచ్చే గొట్టాలు), 4 అడుగులకి తీగవాద్యాల నాదం, ఇలా కలుపుతారు. ఐదారు రకాలే ఉన్న చిన్న హాలు ఆర్గన్‌లో ఈ బోలుతనం దాగదు. పారమౌంట్‌లో 36 ఉన్నాయి కనక దాగింది.

ఇక గొట్టం కింద జరిగేది. గాలిపెట్టెలో 10 అంగుళాల నీటిమట్టమంత ఒత్తిడి, చర్చి ఆర్గన్లలో సాధారణంగా ఉండేదానికి సుమారు మూడింతలు. ఆ పెట్టెలోనే ఒక్కో గొట్టానికి ఒక చిన్న తోలు తిత్తి. మామూలప్పుడు దాని లోపలా బయటా ఒకటే ఒత్తిడి, అందుకే కదలదు. మెట్టు నొక్కగానే విద్యుదయస్కాంతం చిన్న ఇనుప బిళ్లను పైకి లాగుతుంది. బిళ్ల గాలి వచ్చే దారి మూసి బయటికి పోయే దారి తెరుస్తుంది. తిత్తి లోపలి గాలి పోతుంది, బయటి ఒత్తిడికి అది నొక్కుకుపోయి కవాటాన్ని లాగుతుంది, గొట్టం మోగుతుంది.

తోలు చిరిగితే పెట్టెలోని గాలి తిత్తిలోకి కారి అది ముడుచుకోదు. ఆ నాదం మూగబోతుంది, లేదా ఆలస్యంగా పలుకుతుంది. బిళ్ల కింద నలుసు చేరితే రివర్స్: బయటికి పోయే దారి సరిగ్గా మూసుకోదు, ఎవరూ నొక్కకుండానే గొట్టం ఆగకుండా అరుస్తుంది. పాత థియేటర్లలో రాత్రిపూట ఆర్గన్ దానంతటదే మోగిందని చెప్పుకునే దెయ్యం కథలకు నా లెక్కలో ఈ నలుసు చాలు, గాలి కొట్టే బ్లోయర్ ఆన్‌లో ఉంటే.

తోలుని చంపేది వాడకం కన్నా నగరం గాలి. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ తోలులో ఆమ్లంగా మారి దాన్ని ఎర్రటి పొడి చేస్తుంది. క్రోమ్‌తో పదును చేసిన తోలు దీన్ని బాగా తట్టుకుంటుంది. మార్చేటప్పుడు వేడి చేసిన పశుచర్మపు జిగురే వాడాలి. వడ్రంగుల తెల్ల జిగురు పెడితే పని ఇవాళ తొందరగా అవుతుంది గానీ, కొన్ని దశాబ్దాల తర్వాత తోలు మార్చబోయేవాడికి అది చెక్కలో ఇంకి ఊడదు, దాని మీద కొత్త జిగురూ పట్టదు. చర్మపు జిగురైతే తడి, వేడి తగిలితే చాలు, వదిలేస్తుంది.

1927 తర్వాత టాకీలు వచ్చి ఈ వాద్యాలకి పని పోయింది. చాలావాటిని విప్పి గొట్టాలు చర్చిలకీ తుక్కుకీ అమ్మేశారు. పారమౌంట్ 1964లో మూతపడినా దాని ఆర్గన్ బతికింది. కాన్సస్ రాష్ట్రం విచిటాలోని సెంచరీ II హాల్లో 1972లో మళ్లీ మోగింది.

కొత్త చోట పెద్ద తలనొప్పి ఉష్ణోగ్రత. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరిగి మామూలు గొట్టాల శ్రుతి పైకి పోతుంది: 20 డిగ్రీల దగ్గర 440 ఉన్నది 30 డిగ్రీలకి దాదాపు 447. ఇత్తడి నాలుక ఉన్న గొట్టాలు అంతగా కదలవు. ఏసీ చెడితే రెండు జట్లూ విడిపోతాయి. ఇంటర్ ఫిజిక్స్‌లో తెరిచిన గొట్టం, మూసిన గొట్టం సూత్రాలు బట్టీ పట్టించేచోట ఈ ఒక్క లెక్క చేయిస్తే బాగుండు. గట్టివాళ్లు కచేరీనాటికి గది ఎంత వేడిగా ఉంటుందో ముందు అంచనా వేసి, గదిని ఆ వేడికి తెచ్చి కొన్ని గంటలు ఆగి, అప్పుడు శ్రుతి చేయడం మొదలుపెడతారు. తేడా కొంచెమే వస్తే వందల కొద్దీ మామూలు గొట్టాల జోలికి పోకుండా నాలుక గొట్టాలనే వాటికి సరిచేస్తారు.