డయల్ తళతళలాడుతోందా? ఇంకోసారి చూడండి: పాత వాచీలపై అపోహలు – వాస్తవాలు

మొన్న ఒక కుర్రాడు నారింజ రంగు డయల్ ఉన్న హెచ్‌ఎంటీ పైలట్ వాచీ తెచ్చి, వాచీలు బాగుచేసే నా బల్ల మీద పెట్టాడు. ఇంటర్నెట్‌లో కొన్నాడట. అరుదైన రంగు, ఎనభైల నాటిది, ఒక్క రోజు కూడా చేతికి పెట్టుకోనిది అని చెప్పి అమ్మారట. “ఒరిజినలేనా సార్?” అని అడిగాడు. వెనుక మూత విప్పి చూశాను. మెషిన్ హెచ్‌ఎంటీదే, అరుగుదల తగ్గించే 17 జ్యూయల్స్ (చిన్న రాళ్లు) ఉన్న 0231 రకం. కేసు కూడా హెచ్‌ఎంటీదే కానీ దానికి మళ్లీ పూత వేశారు. డయల్‌కు ఈమధ్యనే ఎక్కడో రంగు వేసి, అచ్చు కొట్టారు. ముళ్లు వేరే వాచీవి. ఇప్పుడు ఆ అబ్బాయికి అవునని చెప్పాలా, కాదని చెప్పాలా?

కేసు, వెనుక మూత, డయల్, ముళ్లు, మెషిన్, కీ తిప్పే గుండీ, అద్దం. ఇవన్నీ కలిస్తేనే వాచీ. ఇవి మొదటి రోజు నుంచీ కలిసే ఉన్నాయా, మధ్యలో ఎన్నిసార్లు విడిపోయి ఎవరెవరితో జతకట్టాయి అన్నదే మేము తేల్చేది. అందుకే ‘ఒరిజినల్’ అనే ఒక్క మాటతో నేను జవాబు చెప్పను. ఏ భాగం పుట్టినప్పటిది, ఏది తర్వాత వచ్చింది, ఆ మార్పును అమ్మినవారు చెప్పారా, దాచారా అని విడదీసి చెబుతాను. ఇన్నేళ్లుగా నా బల్ల దగ్గర పదే పదే వినిపించిన అపోహలనూ అలాగే విడదీసి చూద్దాం.

అపోహ: డయల్ కొత్తగా మెరుస్తోందంటే వాచీని బాగా దాచుకున్నారన్నమాట.

అన్నిటికంటే ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఈ నమ్మకం వల్లనే. సేకరించేవారి దృష్టిలో పాత వాచీ విలువలో పెద్ద భాగం డయల్‌దే. నలభై, యాభై ఏళ్లు గడిచిన డయల్ మీద వయసు ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. తెలుపు మీగడ రంగుకు తిరుగుతుంది, వార్నిష్ కింద సన్నని మచ్చలు లేస్తాయి, అంచుల దగ్గర చెమ్మ జాడ ఉంటుంది. నిజంగా బీరువాలో పడి ఉండిపోయిన వాచీలు లేకపోలేదు. అవి చాలా తక్కువ. కానీ ఇంటర్నెట్‌లో రోజూ కనిపించే ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పైలట్‌లు వందల్లో ఉన్నాయి. నా చేతికి వచ్చిన అసలు పైలట్ డయళ్లలో అత్యధికం నల్లవే.

పాత డయల్‌ను గీకి, రంగు వేసి, మళ్లీ అచ్చు కొట్టడాన్ని మా పనిలో రీడయల్ అంటాం. ఇలా రంగులద్దిన వాచీలకు విదేశాల్లోని సేకర్తలు ‘ముంబై స్పెషల్’ అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. కొత్త డయల్ దొరకని రోజుల్లో, తుప్పు పట్టిన వాచీని మళ్లీ చేతికి పెట్టుకోగలిగేలా చేసింది ఈ రంగులద్దే పనివాళ్లే. వాళ్లలో చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. వాళ్లు వేసిన రంగును పాత సరుకు పేరుతో అమ్మేవారితోనే నా పేచీ. 1865 నుంచీ మన దేశంలో వ్యాపారం చేసిన స్విస్ కంపెనీ ఫేవర్ లూబా వాచీల్లో, ముఖ్యంగా సీ చీఫ్ మోడల్‌లో, ఈ బెడద చాలా ఎక్కువ.

గుర్తుపట్టడానికి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. ముందు అక్షరాలు చూడండి. ఫ్యాక్టరీ అచ్చులో అక్షరం అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, సిరా కొంచెం ఉబ్బెత్తుగా నిలుస్తుంది. రీడయల్‌లో అంచు పాకుతుంది, గీతల మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అక్షరాల మధ్య ఎడం కుదరదు. తర్వాత నిమిషాల గీతలు చూడండి. డయల్‌కు అతికిన గంటల గుర్తుల నడుమకు ఆ గీతలు సరిగ్గా రావాలి. పక్కకు జరిగాయంటే అచ్చు రెండోసారి పడిందనే అర్థం. తేదీ కిటికీ లోపలి అంచున రంగు గడ్డకట్టిందా? గుర్తుల పాదాల చుట్టూ రంగు పేరుకుందా? స్విస్ వాచీ అయితే డయల్ అడుగున, ఆరు గుర్తుకు అటూ ఇటూ ఉండాల్సిన ‘స్విస్ మేడ్’ ఏమైంది? తిరిగి అచ్చు వేసేటప్పుడు చాలామంది దీన్ని వదిలేస్తారు, లేదంటే కేసు అంచు కింద సగం దాక్కునేలా వేస్తారు.

ఇక ముళ్లు. చూసే ఓపిక ఉంటే ఇవి అబద్ధం చెప్పవు. నిమిషాల ముల్లు కొస నిమిషాల గీతల దాకా రావాలి, గంటల ముల్లు గంటల గుర్తుల దగ్గర ఆగాలి. నిమిషాల ముల్లు గీతలకు ఇంకా ఎంతో దూరంలోనే ఆగిపోయిందంటే అది మరో వాచీ నుంచి వచ్చి ఉంటుంది.

అపోహ: లోపల మెషిన్ అసలుదైతే వాచీ అసలుదే.

1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది. హెచ్‌ఎంటీ మోడళ్లయిన జనతలోనూ, పైలట్‌లోనూ అదే 0231 మెషిన్ తిరిగింది. బాగుచేసేవారికి ఇది వరం. ఒకదాని చక్రం ఇంకోదానిలో ఇట్టే ఇమిడిపోతుంది. కొనేవారికి అదే చిక్కు. జనత మెషిన్ మీద పైలట్ పేరున్న కొత్త డయల్ బిగించి, పైలట్ కేసులో కూర్చోబెడితే, మూత విప్పి చూసినవాళ్లకు లోపల నికార్సైన హెచ్‌ఎంటీ సరుకే కనిపిస్తుంది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించిన తర్వాత పాతవాటికి గిరాకీ పెరిగింది, ఈ అతుకుల పనీ పెరిగింది.

ఇది చౌక వాచీలకే పరిమితమనుకోకండి. 2021 నవంబరులో జెనీవాలో జరిగిన వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి పలికింది. దాని నల్ల డయల్ కాలక్రమంలో గోధుమ రంగుకు తిరిగిందని, అది అపురూపమని అందరూ మురిసిపోయారు. 2023లో ఒమేగా కంపెనీయే ముందుకొచ్చి, దానిలోని భాగాలు చాలావరకు అసలువే అయినా వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి కూర్చినవని ప్రకటించింది. అందులో తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందని కూడా చెప్పింది. ఇలాంటి అతుకుల వాచీని సేకర్తలు ‘ఫ్రాంకెన్’ అంటారు. భాగాలు చాలావరకు అసలువే. అయినా ఆ రూపంలో ఆ వాచీ ఏనాడూ ఫ్యాక్టరీ గడప దాటి రాలేదు.

అపోహ: రాత్రి బాగా వెలుగుతోంది కాబట్టి పాత రేడియం ఇంకా బతికే ఉంది.

మన వాడుకలో చీకట్లో వెలిగేదంతా రేడియమే. నిజానికి వాచీల్లో అసలు రేడియం వాడకం 1960లలో ఆగిపోయింది. తర్వాత ట్రిటియం అనే, కిరణాలు వెలువరించే మరో పదార్థం వచ్చింది. స్విస్ డయళ్ల అడుగున ‘టి’ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే దాని గుర్తే. 1990ల చివరికి దాని స్థానంలో కిరణాలు వెలువరించని పదార్థాలు వచ్చాయి. ట్రిటియం పన్నెండేళ్లకు కొంచెం పైగా గడిచేసరికి సగమైపోతుంది. అరవై ఏళ్లకు దాదాపు ముప్పయ్యో వంతే మిగులుతుంది. రేడియం అలా కాదు, అది సగం కావడానికి 1,600 ఏళ్లు పడుతుంది. అయినా ఆ డయళ్లు ఇప్పుడు వెలగవు, ఎందుకంటే ఆ కిరణాల దెబ్బకు దానితో కలిపిన వెలిగే పొడి ఎప్పుడో చచ్చిపోయింది. కాబట్టి 1965 నాటి వాచీ రాత్రంతా పచ్చగా వెలుగుతుంటే ఎవరో కొత్త పదార్థం పూశారని తెలుసుకోండి.

దొంగనోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చిని పది సెకన్లు డయల్ మీద వేసి తీసేయండి. పాత ట్రిటియం వెంటనే మసకబారుతుంది. కొత్త పూత నిమిషాల పాటు వెలుగుతూనే ఉంటుంది. డయల్ ఒకలా, ముళ్లు ఒకలా ప్రవర్తిస్తే ఆ రెండిట్లో ఒకటి తర్వాత వచ్చిందే. ఇంకో సంగతి: 1955 నాటి మెషిన్ మీద ‘టి’ గుర్తున్న డయల్ కనిపిస్తే అది సర్వీసులో మార్చినది. కంపెనీ మార్చి ఉండవచ్చు, డయల్ అసలు కంపెనీదే కావచ్చు. అయినా ఆ వాచీతో పుట్టినది కాదు.

ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రేడియం డయల్‌ను ఇంట్లో విప్పకండి, గీకకండి, నోటితో ఊదకండి. అది వెలగకపోయినా దాని పొడి ఒంట్లోకి పోతే ప్రమాదం ప్రమాదమే.

అపోహ: వెనుక మూత మీద నంబరు ఉందిగా, ఇంకేం కావాలి?

నంబరు సాక్ష్యమే, కానీ ఒక్క సాక్షి మాట చాలదు. గల్ఫ్ వెళ్లినవాళ్లు తెచ్చిన సీకో 5 వాచీలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి కాబట్టి దాన్నే తీసుకుందాం. వెనుక మూత మీద మొదటి నాలుగు అంకెలు మెషిన్‌వి, ఉదాహరణకు 7009. డయల్ అడుగు అంచున కూడా కంటికి ఆననంత చిన్నగా ఇంకో నంబరు ఉంటుంది. సాధారణంగా అదీ అదే నాలుగు అంకెలతో మొదలవుతుంది. తర్వాతి అంకెలు తేడాగా ఉన్నా భయం లేదు. మూత ఒకటి, డయల్ ఒకటి, లోపలి మెషిన్ ఇంకొకటి చెబితే ఆగిపోవాలి. అసలు డయల్ మీద ఆ నంబరే లేకపోతే రీడయల్ అని అనుమానించాలి.

అదే మూత మీద వరుస సంఖ్య వేరుగా ఉంటుంది. దాని మొదటి అంకె తయారైన సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకు అంకెకు బదులు వాటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరం వేస్తారు. ఏ దశాబ్దమన్నది ఆ మెషిన్ ఏ కాలంలో తయారైందో చూసి తేల్చుకోవాలి. సీకోలో మరో ఆనవాలు కూడా ఉంది. సుమారు 1970 వరకు ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసేవారు, తర్వాత ‘వాటర్ రెసిస్ట్’ అనడం మొదలైంది. డయల్ మీద ఒక మాట, మూత మీద ఇంకో మాట ఉంటే రెండూ ఒక కాలానివేనా అని అడగండి.

అపోహ: పాలిష్ చేయిస్తే విలువ పెరుగుతుంది.

తగ్గుతుంది. బెల్టు తగిలించే కొమ్ముల అంచులు ఫ్యాక్టరీలో పదునుగా తీరుస్తారు. పాలిష్ చక్రానికి పెట్టిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది, అంచులు సబ్బు ముక్కలా అరుగుతాయి. పోయిన లోహం తిరిగి రాదు. బంగారు పూత ఉన్న కేసుకు పాలిష్ పెడితే కింది ఇత్తడి బయటపడుతుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దాయన వాచీని నేనే ఇలా మెరిపించాను. ఆయన చాలా సంతోషించారు. ఆ కొమ్ములు గుర్తొస్తే ఇప్పటికీ బాధ.

అపోహ: డబ్బా, బిల్లు ఉంటే నిశ్చింత.

డబ్బాలు విడిగా అమ్ముతారు. బిల్లు మీద నంబరు ఉండి, అది వాచీ నంబరుతో కలిస్తేనే దానికి విలువ.

అపోహ: ఒక్క భాగం మారినా వాచీ చెడిపోయినట్టే.

అమ్మడానికి, కొనడానికి వెతికేటప్పుడు మాత్రమే ఈ లెక్కలన్నీ. గుండీ, అద్దం, రబ్బరు వలయం అరిగేవే, మార్చడానికే ఉన్నాయి. యాభై ఏళ్లు రోజూ కీ ఇచ్చిన వాచీకి మొదటి గుండీ మిగలకపోవడమే సహజం. అమ్మేవారు ఆ సంగతి ముందే చెప్పి, ధర దానికి తగ్గట్టు పెడితే కొనడానికి నేనే సరే అంటాను. ఫోటోలు అడిగితే డయల్‌ను దగ్గర నుంచి, మెషిన్‌ను మూత తీసి, కొమ్ములను పక్క నుంచి తీసి పంపాలి. పంపననే అమ్మకందారుతో బేరం వద్దు.

పోయిన నెల ఒకావిడ వాళ్ల నాన్నగారి జనత తెచ్చారు. గుండీ వేరే కంపెనీది, అద్దం గీతలు పడి మసకబారింది, డయల్ మీద చెమ్మ మరక. “డయల్‌కు కొత్తగా రంగు వేయించమంటారా?” అని అడిగారు. వద్దమ్మా అన్నాను. మెషిన్ శుభ్రం చేసి, నూనె వేసి, అద్దం మాత్రం మార్చాను. ఆ మరక అలాగే ఉంది. తీసిన పాత అద్దాన్ని చిన్న కాగితం పొట్లంలో కట్టి, మీద తేదీ రాసి, వాచీతో పాటే ఆవిడ చేతిలో పెట్టాను.