సన్‌స్క్రీన్ కూడా పాలలా విరుగుతుంది

మే నెలలో మా తమ్ముడు తిరుమలలో తలనీలాలు ఇచ్చి కిందికి వచ్చాడు. నున్నటి తల మీద ఎండ చురుక్కుమంటుందని, కారులో వారం రోజులుగా పడి ఉన్న సన్‌స్క్రీన్ తీసి ఇచ్చాను. నొక్కితే ముందు పలచని నూనె కారింది, తర్వాత గరుకుగా ముద్ద వచ్చింది. అచ్చం విరిగిన పాలే. తలకు తువ్వాలు చుట్టుకోమన్నాను.

ఆ పోలిక ఊరికే తట్టింది కాదు. పాలలాగే సన్‌స్క్రీన్ కూడా ఎమల్షన్, అంటే నూనె, నీరు కలగలిసి నిలిచిన మిశ్రమం. చాలా క్రీముల్లో నీటి మధ్య సన్నని నూనె బిందువులు విడివిడిగా నిలిచి ఉంటాయి. ఒక కొసతో నీటిని, మరో కొసతో నూనెను పట్టుకునే ఎమల్సిఫయర్ అణువులు వాటి చుట్టూ పొర కడతాయి. కవ్వం తిప్పితే మీగడలో కొవ్వు చుట్టూ ఉన్న పొర చిరిగి వెన్న పడుతుంది. క్రీములో ఆ పని వేడి చేస్తుంది. ఎండలో మూసి ఉంచిన కారు లోపల వేడి బయటికన్నా చాలా ఎక్కువ.

అయితే మామూలు క్రీముకన్నా సన్‌స్క్రీన్‌ను నిలబెట్టడం కష్టం. కారణం, అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్టర్లే. ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ అనే ఫిల్టర్లు స్వయంగా నూనెలు. రక్షణ పెంచాలని వాటిని ఎక్కువగా వేస్తే ఎమల్సిఫయర్ మీద భారం పెరుగుతుంది. అవోబెంజోన్ అనే ఫిల్టర్ మాత్రం పొడి. 357 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి అతినీలలోహిత కిరణాలను గట్టిగా పీల్చుకుంటుంది, కానీ నూనెలో కరిగి ఉండాలి. కరిగించే నూనె చాలకపోతే, పగలు వేడికి కరిగినది రాత్రి చల్లబడి, పాకంలో పటికబెల్లం కట్టినట్టు పలుకులవుతుంది. నా వేలికి తగిలిన గరుకులో దాని వంతు ఉండవచ్చు. పలుకు కట్టిన ఫిల్టర్ చర్మంపై సమంగా పరుచుకోదు. మధ్య ఖాళీల్లో ఎండ నేరుగా తగులుతుంది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునే ఫిల్టర్ జింక్ ఆక్సైడ్. నీటికన్నా అయిదున్నర రెట్లు బరువైన ఈ ఖనిజం అడుగుకు దిగిపోవాలని చూస్తుంది. అడ్డుకోవడానికి క్రీమును చిక్కగా చేస్తారు. ఇక్కడే చిక్కు. క్రీములో కాస్త ఆమ్లగుణం ఉన్నా జింకు కొద్దికొద్దిగా కరిగి అయాన్లను వదులుతుంది. అవి కార్బోమర్ అనే చిక్కదనపు పదార్థాన్ని పట్టుకుని దాని బలం తీసేస్తాయి. స్టియరిక్ ఆమ్లపు సబ్బే ఎమల్సిఫయర్‌గా ఉన్న క్రీములో ఇంకో నష్టం. ఉప్పు బోరు నీళ్లలో బట్టలు ఉతికిన వారికి ఇది తెలుసు: నురగ రాదు, తెట్టు కడుతుంది. ఆ నీటిలోని కాల్షియం సబ్బును కరగని పదార్థంగా మార్చినట్టే, జింకు ఎమల్సిఫయర్‌ను మార్చేస్తుంది. అందుకే రేణువులకు సిలికా వంటి పూత పూస్తారు.

తయారీదారులు క్రీమును 45 డిగ్రీల వేడిలో నెలల తరబడి ఉంచి, గడ్డకట్టించి, కరిగించి చూస్తారు. మే నెల కారు అంతకన్నా కఠినమైన పరీక్ష. ట్యూబును ఇంట్లో నీడన పెట్టండి, ప్రయాణంలో నీళ్ల సీసా పక్కన సంచిలో ఉంచండి. విరిగినదాన్ని వేలితో కలిపి రాసుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. నూనె, నీరు కలిసినట్టు కనిపించినా, కట్టిన పలుకులు ఆ కలపడానికి కరగవు.