మొక్కల సంరక్షణలో బొటానికల్ గార్డెన్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బొటానికల్ గార్డెన్ అంటే పేర్ల బోర్డులు పెట్టిన పార్కు.

వాస్తవం: పార్కులో మొక్క ఏపుగా, అందంగా ఉంటే చాలు. మాలాంటి వాళ్లం పనిచేసే బొటానికల్ గార్డెన్‌లో దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా తెలిసి ఉండాలి. మొక్కకు కట్టిన రేకు ముక్క మీది నంబరు ఆధారంగా రిజిస్టరు తెరిస్తే, ఆ విత్తనాన్ని ఏ కొండ మీద, ఏ తేదీన, ఎన్ని తల్లిచెట్ల నుంచి సేకరించారో కనబడాలి. ఆ రేకు ఊడిపోయి, వివరం చెరిగిపోయిన మొక్క నీడనిస్తుంది, పూలు పూస్తుంది గాని, రేపు అడవిలో తిరిగి నాటడానికి దాన్ని నమ్ముకోలేము.

అపోహ: అరుదైన మొక్క ఒకటి తోటలో బతికి ఉంటే ఆ జాతి దక్కినట్టే.

వాస్తవం: మా పనిలో అన్నింటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. దక్షిణాఫ్రికాలోని ఎన్‌గోయే అడవిలో 1895లో వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ మెడ్లీ వుడ్‌కు ఒక సైకడ్ (ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉండే, ఈత చెట్టును పోలిన ప్రాచీన రకం మొక్క) కనిపించింది. ఆయన పేరు మీదే ఎన్సెఫలార్టోస్ వుడియై అని పిలిచే ఆ మొక్క పిలకలు నేడు అనేక దేశాల తోటల్లో పెరుగుతున్నాయి. కానీ అన్నీ మగవే. ఆడమొక్క ఇంతవరకు దొరకలేదు కనుక ఆ జాతికి విత్తనమే లేదు.

మన తూర్పు కనుమల్లో, ముఖ్యంగా తిరుమల, కడప కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీ అనే సైకడ్‌లోనూ ఆడ, మగ మొక్కలు వేరువేరు. అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో దాన్ని చేర్చినందువల్ల అంతర్జాతీయ వ్యాపారానికి అడ్డుకట్ట పడింది గాని, మందుల కోసం మగ శంకువులను (పుప్పొడినిచ్చే కంకి వంటి భాగాలను) స్థానికంగా కోసుకుపోవడం, వేసవిలో అడవికి నిప్పంటుకోవడం దానితో ఆగవు. కాబట్టి ఆడ, మగ మొక్కలు రెండింటినీ వేరువేరు కొండల నుంచి తెచ్చి పెంచాలి. అలంకారానికి తెచ్చిన ఇతర సైకస్‌లను వాటి పక్కన నాటితే సంకరం జరగవచ్చు. ఆ విత్తనం అడవికి పనికిరాదు.

అపోహ: విత్తనాలను చల్లగా దాచిపెట్టే విత్తన నిధి ఉంటే తోటలు అక్కర్లేదు.

వాస్తవం: వరి, కంది విత్తనాలను బాగా ఆరబెట్టి మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచితే దశాబ్దాలు నిలుస్తాయి. మామిడి, పనస గింజలు ఆరితే చచ్చిపోతాయి. అటువంటి జాతులకు తోటలో బతికున్న చెట్టే ప్రధానమైన ఆధారం.

అపోహ: సంరక్షణ అంటే మొక్కను ఎవరూ వాడుకోకుండా చూడడం.

వాస్తవం: కేరళలోని పాలోడ్ ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో ‘జీవని’ అనే మందును రూపొందించి, 1990లలో దాని తయారీ హక్కును ఒక ఆయుర్వేద సంస్థకు ఇచ్చారు. వచ్చిన రుసుములో, రాయల్టీలో సగం కాణీలకు చెందేలా ఏర్పాటు చేశారు. జ్ఞానం ఎవరిదో వారికి వాటా ఇవ్వడం న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. అయితే గిరాకీకి తగ్గట్టు సాగు పెరగకపోతే ఆ భారమంతా అడవి మీదే పడుతుంది. నారు పెంచే పద్ధతిని రైతుకు నేర్పవలసిన బాధ్యత తోటదే.

అపోహ: తోటల వల్ల ప్రకృతికి మేలే తప్ప కీడు లేదు.

వాస్తవం: 19వ శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా తోటకు అలంకారం కోసం తెచ్చిన లంటానా అనే పూల పొద నేడు దేశమంతటా అడవులను కమ్మేసింది. అందువల్ల బయటి నుంచి వచ్చిన ఏ మొక్కనైనా, దాని గింజలు పక్షుల ద్వారానో నీటి ద్వారానో చుట్టుపక్కలకు పాకుతున్నాయేమో కొన్ని ఋతువులు గమనించిన తరువాతే, నర్సరీ నుంచి బయటికి ఇవ్వాలి.