మాత్ర ఆడిందా, మనిషి ఆడాడా?

పర్లాకిమిడిలో మా వీధి చివర అరుగు మీద ఆదివారం పూట పేకాట నడుస్తుంది. నాకు వరసకి మావయ్య ఒకాయన, నౌపడ–గుణుపూర్ లైనులో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. జన్మలో ముక్క పట్టనివాడు రెండేళ్ళ కిందట అక్కడ కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. ఆదివారం ఆట రోజూ ఆట అయింది, పదుల్లోంచి వందల్లోకి దిగింది. ఇంట్లో తెలియకుండా అప్పులు. చివరికి బరంపురంలో డాక్టరు మందుల చీటీ చూసి ఒక మాత్ర మోతాదు తగ్గించాడు. చేతి వణుకుకి, అంటే పార్కిన్సన్స్‌కి, వేసుకుంటున్న మాత్ర అది. కొన్ని వారాల్లో పేక మీద యావ పోయింది.

"మాత్రే ఆడించింది బాబూ, నాను కాదు" అన్నాడు నాతో. లోపల్నించి అత్తయ్య అందుకుంది: "మరి గెలిచిన రోజున మీరే ఆడేరు కదేటి?"

డాక్టర్లకి ఇది కొత్త సంగతి కాదు. మెదడులో డోపమైన్ తగ్గితే చెయ్యి వణుకుతుంది, నడక బిగుసుకుంటుంది. ఆ లోటు తీర్చడానికి డోపమైన్‌లా పనిచేసే మందులిస్తారు. వాటివల్ల కొందరికి జూదం మీద, కొనుగోళ్ళ మీద, తిండి మీద పట్టలేని యావ పుడుతోందని 2005 నాటికే వైద్య పత్రికల్లో వచ్చింది. అయితే కొందరికే. అదే మాత్ర మింగి పేక జోలికి పోనివాళ్ళే ఎక్కువ. మావయ్య ఈ ముక్క వినిపించుకోడు.

ఆడించింది మాత్రా, ఆడింది మనిషా అన్న ఈ ప్రశ్న మొదట గట్టిగా లేచింది కూడా రైల్వే పనిలోనే. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో ఫినియాస్ గేజ్ అనే గ్యాంగ్ మేస్త్రీ లైను కోసం బండ పేలుస్తున్నాడు. మా వైపు క్వారీల్లో తూటా దట్టించడం చూసినవాళ్ళకి ఆ పని తెలుసు. నిప్పురవ్వ లేచి మందు పేలింది. మూడున్నర అడుగులు దాటిన ఇనప గునపం ఎడమ చెంపలోంచి దూరి నడినెత్తిన బయటికి వచ్చింది. మనిషి చావలేదు, దాదాపు పన్నెండేళ్ళు బతికాడు. కాని నెమ్మదస్తుడు కాస్తా నోటి దురుసు మనిషి అయిపోయాడనీ, స్నేహితులు "వీడు మన గేజ్ కాడు" అన్నారనీ వైద్యం చేసిన హార్లో రాశాడు. మెదడు చెడితే గుణమే మారుతుందని పాఠ్యపుస్తకాలన్నీ ఈ కథే చెబుతాయి. అదే గేజ్ ఆ తరవాత చిలీ వెళ్ళి ఏళ్ళ తరబడి గుర్రపు బగ్గీ నడిపాడన్న సంగతిని మాత్రం చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ మూర్ఛరోగులకి మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేసేవాడు. మెదడు మీద ఫలానా చోట సన్నగా కరెంటు తగిలిస్తే రోగి చెయ్యి లేచేది. లేపింది నేను కాదు, మీరే అనేవారు రోగులు. ఎక్కడ తాకినా "నేనే లేపాను" అనిపించలేకపోయానని పెన్‌ఫీల్డ్ చివరిదాకా దాన్నే పట్టుకు కూర్చున్నాడు.

"నేను కాదు" అన్న మాట మా గజపతి జిల్లా కొండల్లో ఇంకోలా వినిపిస్తుంది. సవర పూజారిణి పూనకంలోకి వెళితే చనిపోయినవాళ్ళు ఆమె నోటితో మాట్లాడతారు. ఇంటివాళ్ళు వాళ్ళతో వాదిస్తారు, ఏడుస్తారు, ఒక్కోసారి నవ్వుతారు. మాట్లాడుతున్నది ఆమె అని అక్కడ ఎవరూ అనుకోరు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి ఈ సవర భాషే నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు.

మనం అనుకుని చేస్తున్నామా, మెదడే చేయిస్తోందా అన్న అసలు పేచీ 1983లో మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో బెంజమిన్ లిబెట్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు మనుషుల తలకి తీగలు తగిలించి కూర్చోబెట్టాడు. ఎదురుగా గడియారం లాంటి పలక, దాని మీద గిరగిరా తిరిగే చుక్క. బుద్ధి పుట్టినప్పుడు మణికట్టు ఆడించాలి, ఆ బుద్ధి పుట్టిన క్షణంలో చుక్క ఎక్కడుందో చెప్పాలి. అంతే పని. చెయ్యి కదలడానికి 200 మిల్లీసెకండ్ల ముందు అనుకున్నాం అన్నారు వాళ్ళు. మెదడులో కదలిక మాత్రం 550 మిల్లీసెకండ్ల ముందే మొదలైంది. అంటే మనం అనుకోకముందే మెదడు నిర్ణయించేసిందన్నమాట అని లోకమంతా చాటింపు. తలరాత అన్న మాట తాతల కాలం నుంచి వింటున్న మనకి ఇది చప్పున ఎక్కింది కూడా. లిబెట్ మాత్రం అంత దూరం పోలేదు. చివరి క్షణంలో వద్దనుకునే వీలు మనిషికి ఉందన్నాడు.

2008లో జర్మనీలో హేన్స్ అనే శాస్త్రజ్ఞుడి బృందం మనుషుల్ని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, వాళ్ళు నొక్కబోయేది కుడి మీటా ఎడమ మీటా అన్నది ఏడు సెకండ్ల ముందే పసిగట్టామంది. ఎంత కచ్చితంగా? సుమారు 60 శాతం. నాణెం ఎగరేసినా 50 వస్తుంది.

నా మట్టుకు అసలు మలుపు 2012లో ఆరన్ షుర్గర్ బృందం చెప్పిన మాట. మెదడులో కదలిక ఎప్పుడూ మా మహేంద్రతనయ ఏటి నీళ్ళలా లేస్తూ పడుతూనే ఉంటుంది. నీరు గట్టు దాటిన క్షణాలనే ఏరుకుని, అక్కడి నుంచి వెనక్కి చూస్తే ప్రతిసారీ నీరు పెరుగుతూ వచ్చినట్టే కనిపిస్తుంది. అంతమాత్రాన గట్టు దాటాలని ఏరు ముందే తీర్మానించుకున్నట్టా? లిబెట్ చూసిన ఆ ముందస్తు పెరుగుదల నిర్ణయం కాకపోవచ్చు, లెక్క కట్టిన పద్ధతిలోంచి వచ్చినదీ కావచ్చు. ఈ మాటకి మాత్రం చాటింపు లేదు.

ఎరుక, అంటే మనకి లోపల కలిగే స్పృహ, దాని సంగతి ఇంకా చిక్కు. బరంపురం ఆవకాయ నాలిక మీద పడితే ఏ నరం మేలుకుంటుందో సైన్సు చెప్పగలదు. ఆ ఘాటు నాకు ఘాటుగా ఎందుకు ఉండాలి? దీన్నే డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్త 1995లో కఠిన సమస్య అన్నాడు. పాతికేళ్ళలో ఎరుకకి మెదడులో స్పష్టమైన గుర్తు దొరుకుతుందని 1998లో క్రిస్టాఫ్ కోచ్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు ఆయనతో వైన్ సీసాల పందెం కాశాడు. 2023లో న్యూయార్క్‌లో ఓటమి ఒప్పుకుని సీసాలు చెల్లించాడు. మెదడు సైన్సు చేతగానిదని దీనర్థం కాదు. మావయ్య మాత్ర మోతాదు దిద్దింది ఆ సైన్సే. కాని ఓ భాగం తేలగానే మొత్తం తేలిపోయిందనేవాళ్ళు ప్రతి తరంలోనూ ఉన్నారు.

కోర్టులకి ఆగే తీరిక ఉండదు. 2008లో పుణె కోర్టు ఒక హత్య కేసులో మెదడు తరంగాల పరీక్షని కూడా లెక్కలోకి తీసుకుని శిక్ష వేసింది. 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో అలాంటి పరీక్షలు మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని చెప్పింది. మతి స్థిమితం లేక, చేసేది ఏమిటో, అది తప్పో కాదో తెలియని స్థితిలో చేసింది నేరం కాదని చట్టంలో ఉంది. పాత శిక్షా స్మృతిలో 84వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 22. కాని మావయ్యకి తను ఆడుతున్నానని తెలుసు, ఆపుకోలేకపోయాడు. ఆ సెక్షన్‌లో ఈ అవస్థకి చోటు లేదు.

ఆయన ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఆట చూస్తాడు, ముక్కలు పట్టడు. చేతి వణుకు కాస్త పెరిగింది. ఆడింది మాత్రేనని ఇప్పటికీ అంటాడు. పెన్షన్ పడిన రోజున మాత్రం 2,000 జేబులో పెట్టుకుని, అప్పిచ్చినవాళ్ళ ఇంటికి తనే నడిచి వెళతాడు.