ఎర్రనీళ్ళలో ఎరుపు ఎక్కడిది?

మొన్న విజయవాడ సత్యనారాయణపురంలో మా అక్కగారింట్లో మనవడి బారసాల. అక్క ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి చిటికెడు పసుపు వేసింది. తాంబూలంలోకి తెచ్చిన సున్నం గోటితో గీరి అందులో కలిపింది. వేలు తిరిగినచోటల్లా ఎర్ర చార లేచింది. రెండు తిప్పులకి పళ్ళెమంతా నెత్తురు రంగు. దిష్టి తీస్తుంటే, ఐదో తరగతి చదివే పెద్ద మనవరాలు నా చొక్కా పట్టుకు లాగింది.

"తాతయ్యా, నీళ్ళకి రంగు లేదు. పసుపు పచ్చగా ఉంది. సున్నం తెల్లగా ఉంది. మరి ఎరుపు ఎక్కణ్ణించొచ్చింది?"

ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పాను. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. "ఆమ్లం నీలి లిట్మస్‌ని ఎరుపు చేయును, క్షారం ఎర్ర లిట్మస్‌ని నీలం చేయును" అని పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. వాళ్ళలో లిట్మస్ కాగితం కళ్ళతో చూసినవాళ్ళు ఎందరని అడిగితే సగం చేతులు లేవవు. బిట్టుకి మార్కు పడింది కదా, ఇంకేం కావాలి! పసుపు డబ్బా లేని ఇల్లు మాత్రం మన వైపు లేదు. దుగ్గిరాల పసుపు యార్డు పక్కనే ఉంచుకుని లిట్మస్ కోసం ఎదురుచూడడం దేనికో నాకు అర్థం కాదు.

పసుపులో రంగునిచ్చేది కర్‌క్యుమిన్. కొమ్ములో అది నూటికి మూడు పాళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. రెండు చివర్లా రెండు బెంజీన్ వలయాలు, మధ్యలో ఒక ద్విబంధం, ఒక ఏకబంధం, మళ్ళీ ద్విబంధం, ఇలా సాగే గొలుసు. ఒక్కో వలయానికి ఒక ఆక్సిజన్, ఆ ఆక్సిజన్‌కి ఒక హైడ్రోజన్. కథంతా ఆ హైడ్రోజన్‌దే.

గుంజకి కట్టేసిన గేదెని ఊహించండి. పలుపు ఎంత ఉంటే అంతే మేత. ఇక్కడ గేదె ఆక్సిజన్ దగ్గరున్న ఎలక్ట్రాన్ల జంట, గుంజ ఆ హైడ్రోజన్ కేంద్రకం, అంటే ప్రోటాన్. సున్నం నీళ్ళలో హైడ్రాక్సైడ్లు దండిగా ఉంటాయి. దొరికిన గుంజనల్లా పీక్కుపోయి నీళ్ళు చేసుకోవడమే వాటి పని. గుంజ ఊడిందా, గేదె చేనంతా తిరుగుతుంది. ఆక్సిజన్ దగ్గరున్న ఎలక్ట్రాన్లు గొలుసు పొడవునా పరుచుకుంటాయి. అలా పరుచుకున్నవాటిని కదిలించడానికి తక్కువ శక్తి గల వెలుగు చాలు. కట్టేసి ఉన్నప్పుడు కర్‌క్యుమిన్ ఊదా, నీలం వెలుగుని మింగి మనకి పసుపుపచ్చ మిగిల్చేది. ఇప్పుడు ఆకుపచ్చ వైపు కూడా మింగుతుంది. మిగిలేది ఎరుపు. ఎరుపు ఎక్కణ్ణించీ రాలేదమ్మా, తక్కిన రంగులు పోయాయి.

గుంజ ఎంత లోతుగా పాతారన్నది ఒక్కో రంగు పదార్థానికీ ఒక్కోలా ఉంటుంది. ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె పీహెచ్. పసుపుకి అది 8 అటూ ఇటూ ఉన్నప్పుడు ఊడడం మొదలవుతుంది. ఫినాఫ్తలీన్‌కి 8 దాటాక. లంచం కేసుల వార్తల్లో ఏసీబీ వాళ్ళు నోట్లకి రాసే పొడి అదే. పట్టుబడ్డవాడి వేళ్ళని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే సీసాలో గులాబీ రంగు తేలుతుంది. చేతికి పసుపు ఉన్నా రంగు మారేది గానీ, పసుపు ముందే కనబడిపోతుంది కదా! ఫినాఫ్తలీన్‌కి గుంజ ఊడేదాకా రంగే ఉండదు.

పీహెచ్ అంటే ఊడిపడి ఉన్న గుంజలు ఎన్ని దొరుకుతాయో చెప్పే లెక్క. అంకె పెరిగేకొద్దీ గుంజలు తగ్గుతాయి. 1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని పెట్టాడు. మరుసటి ఏడాదే కర్‌క్యుమిన్ నిర్మాణం కూడా తేలింది. స్వచ్ఛమైన నీటిలో పీహెచ్ 7. అంటే 55 కోట్ల నీటి అణువులకి ఒక్క గుంజ. పీహెచ్ 2 ఉండే నిమ్మరసంలో ఐదున్నర వేలకి ఒకటి. సున్నపు తేటకి 12.4. ఒక్కో అంకెకీ పది రెట్లు తేడా కాబట్టి, నిమ్మరసానికీ సున్నపు తేటకీ మధ్య తేడా సుమారు 2,500 కోట్ల రెట్లు. సున్నా నుంచి 14 దాకా స్కేలు గీసి, మధ్యలో 7 అని రాసి వదిలేస్తే పిల్లకి ఈ అగాధం తెలిసేదెలా?

భోజనాలయ్యాక మిగిలిన ఎర్రనీళ్ళలో నిమ్మచెక్క పిండించాను. మళ్ళీ పచ్చన. గుంజలు తిరిగొచ్చాయి, గేదె కట్టుబడింది. సున్నం వేస్తే ఎరుపు, నిమ్మరసం పడితే పసుపు. పిల్ల ఎనిమిదిసార్లు చేసింది. ఎనిమిదోసారికి ఎరుపు మట్టి రంగులోకి దిగింది. క్షారంలో కర్‌క్యుమిన్ ఎంతోసేపు నిలవదు, ముక్కలైపోతుంది. తిరిగి తిరిగి గేదే పడిపోయిందన్నమాట.

అప్పుడు అక్క నన్ను ఇరుకున పెట్టింది. "ఒరేయ్, మా అత్తగారు కుంకం ఇంట్లోనే చేసేది. పసుపుకొమ్ముల్ని నిమ్మరసంలోనే నానబెట్టేది. నిమ్మరసం ఎరుపుని చంపేస్తే మరి కుంకం ఎర్రగా ఎలా అయిందిరా?"

"వెలిగారం వేసేవారా?" అన్నాను.

వేసేదిట. హమ్మయ్య! వెలిగారంలో, అంటే బోరాక్స్‌లో, బోరాన్ అనే మూలకం ఉంటుంది. ఆమ్లం సాయంతో ఒక బోరాన్ పరమాణువు రెండు కర్‌క్యుమిన్ అణువుల్ని అటొకటి ఇటొకటి పట్టుకుని రోసోసయనిన్ అనే ఎర్ర పదార్థం కడుతుంది. ఇక్కడ గుంజ పీకడం లేదు, రెంటినీ ఒకే కాడికి పూన్చడం. అందుకే నిమ్మరసానికి అది బెదరదు. నీటిలో బోరాన్ ఎంతుందో కొలవడానికి ఇప్పటికీ ప్రయోగశాలల్లో పసుపులోని ఈ కర్‌క్యుమిన్‌ని వాడతారు.

దిష్టి తీసినప్పుడే అక్క పళ్ళెంలోంచి కాసిన్ని నీళ్ళు వీధి గుమ్మం పక్కన పారబోసింది. మర్నాడు పొద్దున చూస్తే ఎరుపు లేదు. వెలిసిన పసుపు మరక, అంచున తెల్లటి పొర. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నాన్ని రాత్రికి రాత్రి సుద్దగా మార్చేసింది.

"చూశావా, దిష్టంతా పోయింది" అంది అక్క.