స్వలింగ ప్రేమికులపై దాడులు: మిస్సింగ్ కేసు నుంచి హైకోర్టు దాకా

తిరుపతిలోనో చిత్తూరులోనో ఇద్దరు యువతులు కలిసి బతకాలని ఇల్లు విడిచి వెళ్తే, ఆ వ్యవహారం పోలీస్ స్టేషన్‌కు చేరేది తరచుగా ‘మా అమ్మాయి కనిపించడం లేదు’ అన్న ఫిర్యాదుగానే. ఆచూకీ దొరికాక, మేజరైన మనిషి వాంగ్మూలం తీసుకుని ఆమె ఇష్టానికి వదిలేయాల్సిన చోట, పెద్దల్ని పిలిపించి నచ్చజెప్పి కన్నవారి వెంట పంపేయడం పాత అలవాటు. ఆ తర్వాత ఇంట్లో పడే దెబ్బలకు, గదికి వేసే తాళానికి, హడావుడిగా కుదిర్చే పెళ్లికి ఎఫ్ఐఆర్ ఉండదు. గంగ జాతరలో మగవాళ్లు చీర కట్టి వేషం వేస్తే దండం పెట్టే ఊరే ఇది. కానీ అది మొక్కు, దాన్ని చూపి ఇక్కడ అంతా సహనమేనని రాయడం తొందరపాటు.

ఈ మౌనానికి మూలం 1860 నాటి శిక్షాస్మృతిలో ఉంది. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసి, పదేళ్ల దాకా జైలు లేదా యావజ్జీవం విధించగల 377వ సెక్షన్ వల్ల, పార్కులో తన్నులు తిని పర్సు పోగొట్టుకున్నవాడు జరిగింది చెప్పుకుంటే తన నేరాన్ని తానే ఒప్పుకున్నట్టయ్యేది. ఆ సెక్షన్ కింద పడిన శిక్షల కన్నా, దాన్ని చూపి గుంజిన డబ్బు, చేసిన బెదిరింపులే ఎక్కువ చెరుపు చేశాయని చెప్పాలి. 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సడలించింది, 2013లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది, చివరికి 2018 సెప్టెంబర్ 6న మేజర్లు పరస్పర అంగీకారంతో కలిస్తే నేరం కాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అయితే నేరం కాదనడం వేరు, కాపాడడం వేరు. ఆ పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మూకహత్యకు ప్రత్యేక నిబంధన పెట్టి, కులం, భాష, లింగం వంటి కారణాలను పేర్కొన్నారు గానీ లైంగిక ధోరణిని పేరెత్తి చెప్పలేదు. 2019 నాటి చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకే వర్తిస్తుంది, అందులోనూ లైంగిక హింసకు గరిష్ఠ శిక్ష రెండేళ్లే. కొత్త సంహితలో 377ను పూర్తిగా తీసేయడంతో, అత్యాచారానికి గురైన వయోజన పురుషుడు గాయపరచడం, నిర్బంధించడం వంటి సాధారణ సెక్షన్లతో సరిపెట్టుకోవాల్సి వస్తోంది. పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ లోటును ముందే ఎత్తి చూపినా పట్టించుకోలేదు.

కదలిక వచ్చింది కోర్టుల నుంచే. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి నిర్బంధంలో ఉంచిన యువతి తన సహచరితో కలిసి జీవించవచ్చని హెబియస్ కార్పస్ పిటిషన్‌పై (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచాలని కోరే పిటిషన్) తీర్పు ఇచ్చింది. 2025 మేలో, చిత్తూరుకు పొరుగునున్న వేలూరు జిల్లా నుంచి వచ్చిన ఇలాంటి కేసులో మద్రాసు హైకోర్టు పోలీసుల తీరును తప్పుబట్టింది. ఈ పిటిషన్ల విచారణపై సుప్రీంకోర్టు 2024 మార్చిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది: పిటిషన్ వేసిన స్నేహితురాలికి, నిర్బంధంలో ఉన్న మనిషికి గల సంబంధం ఏమిటని కూపీ లాగకూడదు; కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయకూడదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది కాబట్టి, చేతిలో డబ్బు లేని సహచరి కూడా ఈ పిటిషన్‌తో అమరావతికి వెళ్లగలదు.